‘నే’ అంటే అవునట!

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను పుల్లలకి గుచ్చి నిప్పులమీద కాల్చిన మాంసం గురించి మాట్లాడతానంటే, శాకాహారం ఇళ్ళవాళ్ళు రేడియో కట్టేస్తారేమోనని నాకు భయంగా ఉంది. దయచేసి కట్టెయ్యకండి. ఆ మాంసం కొట్లో కూర్చుని నేను ఎక్కువ రోజులు తిన్నది పప్పూ, ఆకుకూరా, పెరుగుపచ్చడీనే. ఎందుకలా తినవలసి వచ్చిందో చెబుతాను.

మావారు ఓడల మరమ్మతు పనిమీద రెండేళ్ళు గ్రీసు దేశంలో, పిరేయస్‌లో ఉన్నారు. పిరేయస్ అంటే ఏథెన్సు నగరానికి ఆనుకుని ఉన్న పెద్ద రేవు. గదిలో వంటకి వీల్లేదు. రాత్రిపూట ఫోనులో నేనడిగే మొదటి ప్రశ్న, మీరందరూ అడిగేదే, “ఏం తిన్నారు?” అని. ఆయన జవాబు రెండేళ్ళూ ఒకటే: “కింద కొట్లో రొట్టె తిన్నాను.” రోజూ రొట్టె ముక్క తిని మనిషి ఎలా చిక్కిపోయారోనని దిగులుపడేదాన్ని. చివరికి 2023 సెప్టెంబరులో నేనూ, మా అమ్మాయీ పది రోజులకని బయల్దేరాం. పెట్టెలో బట్టలకన్నా పచ్చళ్ళూ, పొడులూ ఎక్కువ. తీరా వెళ్ళి చూద్దును గదా, మనిషి ఇక్కడున్నప్పటికంటే నిగనిగలాడుతున్నారు!

ఆయన ఉన్న పేట పేరు నీకియా. అది కాందిశీకుల పేట. 1922లో టర్కీతో జరిగిన యుద్ధంలో గ్రీసు ఓడిపోయినప్పుడు పారిపోయి వచ్చినవాళ్ళూ, 1923 ఒప్పందం ప్రకారం రావలసి వచ్చినవాళ్ళూ, అంతా కలిసి పన్నెండు లక్షలమంది దాకా కట్టుబట్టలతో గ్రీసు చేరారట. అలాంటివాళ్ళు స్థిరపడిన పేటల్లో ఇదొకటి. వాళ్ళు మూటల్లో ఏమీ తెచ్చుకోలేకపోయినా నాలుకమీద రుచుల్ని తెచ్చుకున్నారు. నిలువు కమ్మీకి మాంసం గుచ్చి, నిప్పు ఎదుట తిప్పుతూ కాల్చే పద్ధతి గ్రీసులో వ్యాపించింది వాళ్ళవల్లేనంటారు. టర్కీవాళ్ళు దాన్ని ‘దోనెర్’ అంటారు, తిరిగేది అని అర్థం. గ్రీకులు ‘యీరోస్’ అంటారు, దానికీ తిరగడమనే అర్థం. మన ఊళ్ళల్లో సాయంకాలాలు బళ్ళమీద అమ్మే షవర్మా కూడా ఆ కుటుంబంలోదే.

మేం దిగిన సాయంకాలం మావారు యార్డునుంచి రావడానికి తొమ్మిదవుతుందన్నారు. మా అమ్మాయి ప్రయాణం బడలికతో మంచమెక్కి పడుకుంది. ఫోనులో భాష మార్చి చూపించే విద్యలన్నీ దానికే తెలుసు. నా పదో తరగతి ఇంగ్లీషు నాకు తోడుగా ఒక్కదాన్నే కిందికి దిగాను.

అలాంటి కొట్టుని ‘ప్సిస్తర్యా’ అంటారు. కాల్చిపెట్టే చోటు అన్నమాట. వాకిట్లో పేవ్‌మెంటుమీద పది బల్లలు, బల్లలమీద గాలికి ఎగరకుండా క్లిప్పులు పెట్టిన కాగితం గుడ్డలు. లోపల ఒక పక్క బొగ్గుల పొయ్యి, దానిమీద వరసగా పుల్లలు. ఇంకోపక్క నిలువు కమ్మీ చుట్టూ పొరలు పొరలుగా పేర్చిన మాంసం, ఎర్రగా కాలుతున్న పొయ్యి ఎదుట మెల్లగా తిరుగుతోంది. కౌంటరులో అరవై దాటిన పెద్దావిడ. ఆ తిరిగేదాన్ని వేలితో చూపించి “పోర్క్?” అని అడిగాను. ఆవిడ నవ్వుతూ “నే, నే” అంది. హిందీవాళ్ళ “నై నై” లాగే వినపడింది నాకు. హమ్మయ్య, పంది కాదన్నమాట అనుకుని రెండు చుట్టించుకున్నాను, నాకొకటీ, అమ్మాయికొకటీ.

ఎలా ఉందంటారా? రేడియోలో అబద్ధం ఎందుకు? బ్రహ్మాండంగా ఉంది! ఆ రొట్టె మన చపాతీలాగ పలచన కాదు, లోపల సంచీలాగ చీలేదీ కాదు. దళసరిగా, మెత్తగా ఉంటుంది. నూనె రాసి పెనంమీద రెండు వైపులా వెచ్చచేసి, అందులో అంచులు కరకరలాడే మాంసం, టొమాటో, పచ్చి ఉల్లి, వేయించిన బంగాళాదుంప ముక్కలు, వెల్లుల్లి వేసిన చిక్కటి పెరుగుపచ్చడి పెట్టి, కాగితంలో పొట్లంలా చుట్టిస్తారు. పైన చల్లే ఎండుటాకు పొడి పేరు రీగని, మన పిల్లలు పిజ్జామీద చల్లుకునే ఒరెగానో అదే. వాసన మన వాముకి చుట్టం. నాది నేను తినేసి, అమ్మాయి కోసం దాచినదాన్లో కూడా సగం లాగించాను.

మావారు వచ్చి ఆ కాగితం చూసి తెల్లబోయారు. “యీరోస్ తిన్నావా? అది పంది మాంసం కదే!”

“ఆవిడ నై అందండీ!”

“నై కాదు, నే. గ్రీకులో ‘నే’ అంటే అవును. కాదనాలంటే ‘ఓహి’ అంటారు.”

మా ఇంట్లో కోడీ, మేకా, చేపా వండుతాం గాని పంది మాంసం ఏనాడూ గుమ్మం తొక్కలేదు. రాత్రి పది గంటలకి తలస్నానం చేశాను. కడుపులో పడ్డదాన్ని తలస్నానం ఏం చేస్తుంది చెప్పండి! అయితే తడిజుట్టు తుడుచుకుంటూంటే నాకు అసలు సంగతి తట్టింది. “మీరు రెండేళ్ళుగా తింటున్న రొట్టె ఇదేనా?” అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, “నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. నాలుగు యూరోలకి ఇంత వేడి తిండి ఈ ఊళ్ళో ఇంకోటి లేదు. పైగా, నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది” అన్నారు.

ఆ ‘నచ్చింది’ అన్న మాట నన్ను కాల్చింది. గత్యంతరం లేక తిన్నానంటే జాలిపడేదాన్ని. ఇష్టపడి తిని, నాకు రొట్టె అని చెప్పారే! రెండు రోజులు ముభావంగా ఉండిపోయాను. ఇంటివాళ్ళని బతిమాలి, వాళ్ళ వంటింట్లో ఇంత అన్నం వండుకుని, గదిలో కూర్చుని ఆవకాయతో తిన్నాను. అమ్మాయి అటూ ఇటూ కాకుండా రెండుచోట్లా తింది. ఆయన ఒక్కరే కిందికి వెళ్ళి తినివచ్చారు.

ఆ రెండు రాత్రులూ నాకు కాలక్షేపం బాల్కనీలోంచి ఆ కొట్టుని చూడడమే. అక్కడ రాత్రి భోజనం తొమ్మిదికీ, పదికీ మొదలవుతుంది. చంటిపిల్లల తల్లులు కూడా ఆ వేళకే వస్తారు. పెద్దవాళ్ళు తింటూంటే పిల్లలు వీధి చివర బంతి ఆడుకుంటారు. యార్డు బట్టలతోనే వచ్చి కూర్చునేవాళ్ళున్నారు, చక్కగా ముస్తాబై వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ అదే కాగితం గుడ్డ. నా చూపు ఆగిపోయింది మాత్రం ఒక ముసలావిడ దగ్గర. నల్లబట్టలు వేసుకుని, ఒంటరిగా వచ్చి, రెండు పుల్లలూ, ఒక పళ్ళెం సలాదూ ముందు పెట్టుకుని గంటసేపు కూర్చుంది. వడ్డించే అబ్బాయి రెండుసార్లు వచ్చి కబుర్లు చెప్పి వెళ్ళాడు. ఎవరూ ఆవిడకేసి వింతగా చూడలేదు, లే లెమ్మని తొందరపెట్టనూ లేదు. మన హోటళ్ళల్లో ‘ఫ్యామిలీ రూము’ పరదా వెనకాల కూర్చుని గబగబా నాలుగు ముద్దలు మింగి లేచిన రోజులు నాకు గుర్తొచ్చాయి. ఈనాటికైనా, సాయంకాలం ఒక్కదాన్నే హోటలుకి వెళ్ళి, నాకిష్టమైనది చెప్పించుకుని, గంటసేపు కూర్చునే ధైర్యం నాకుందా అని ఆలోచించాను. లేదు.

ఇంకొక పని కూడా చేశాను. లెక్క వేశాను. సలాదూ, కాల్చిన మాంసమూ, రొట్టే తెప్పించుకుని మామూలు హోటల్లో కూర్చుంటే మనిషికి అప్పట్లో పదిహేను యూరోలకి తక్కువయ్యేది కాదు. ఈ చుట్టిన రొట్టె నాలుగే ఉండేది. పూటకి 11 యూరోలు మిగిలితే నెలకి 330. అప్పటి మారకంలో యూరో సుమారు తొంభై రూపాయలు. అంటే నెలకి ముప్ఫైవేలకి దగ్గర. అమ్మాయి కాలేజీ ఫీజు ఎప్పుడూ గడువులోపలే ఎలా కట్టగలిగానో అప్పుడు తెలిసింది. అలాగని కోపం పూర్తిగా పోయిందని చెప్పను. మూడోనాడు మాత్రం, “పదండి, నేనూ వస్తాను” అన్నాను.

ఆ రోజు శుక్రవారం. పెద్దావిడ నన్ను చూడగానే రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. అమ్మాయి ఈ నే, నైల గొడవంతా ఆవిడకి చెప్పిందట. “హోరీస్ క్రేయాస్” అన్నాను, ముందే బట్టీ పట్టుకుని. మాంసం లేకుండా అని అర్థం. ఆవిడ “నిస్తీసిమో?” అంది. అంటే ఉపవాసపు తిండా అని. ఆ మాట మీరూ గుర్తుపెట్టుకోండి, ఆ దేశం వెళ్ళే మీ పిల్లలకి చెప్పండి. గ్రీకు క్రైస్తవుల్లో నిష్ఠగలవాళ్ళు బుధ, శుక్రవారాలూ, ఈస్టరుకి ముందు దాదాపు ఏడు వారాలూ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. మనకి కార్తీకమాసం లాగ. ఆ ఉపవాసాలు మొదలయ్యే ముందు ఒక గురువారంనాడు మాత్రం ఊరంతా మాంసం కాలుస్తారట. ఆ రోజు పేరే ‘త్సిక్నోపెంప్తి’, అంటే కాలిన మాంసం వాసన వేసే గురువారం! వీధుల్లో పొగ తప్ప మనుషులు కనిపించరని మావారు చెప్పారు.

ఆవిడ లోపలికి వెళ్ళి నా ముందు పెట్టినవి చూసి నేను నోరు తెరిచాను. ఒక గిన్నెలో ముద్దపప్పు! ఉప్పువేసి ఉడికించి, మెత్తగా మెదిపి, పైన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ, ఆలివ్ నూనె. నెయ్యి బదులు నూనె అంతే. పేరు ఫావా. మామూలుగా పసుపుపచ్చ బఠాణీ బద్దలతో చేస్తారు. సాంటొరీని దీవిలో పండే ఫావా గింజ మాత్రం మన కేసరి పప్పుకి దగ్గర జాతిది. రెండో పళ్ళెంలో ఉడికించిన ఆకుకూర, పేరు హోర్తా. ఎండాకాలం హోర్తాలో ఎక్కువగా వాడేది వ్లీతా, అది మన తోటకూర జాతే. మూడోది ఆ పెరుగుపచ్చడి, జజీకి. నాలుగోది టొమాటో, కీరా, ఉల్లి, ఆలివ్ కాయలమీద అరచేయంత ఫెటా జున్నుముక్క పెట్టిన సలాదు. పాలు ముట్టని ఉపవాసానికి జజీకీ, జున్నూ పనికిరావు గాని, నేను చేస్తున్నది ఉపవాసం కాదు గదా! వేడి రొట్టె తుంపుకుని పప్పులో అద్దుకుని తింటూంటే, పరాయి దేశంలో ఉన్నాననిపించలేదు. పక్కనే మావారు వాళ్ళ యీరోస్ తిన్నారు. నేను అటు చూడలేదు, ఆయన కాగితం కొంచెం పక్కకి తిప్పుకుని తిన్నారు. ఆ సర్దుబాటు మిగిలిన రోజులన్నీ సాగింది.

మాంసాహారులు కూడా నాలాగ మోసపోకుండా నాలుగు మాటలు నేర్చుకుంటే చాలు. పంది ‘హిరినో’, కోడి ‘కొతోపులో’, గొర్రెపిల్ల ‘అర్ని’, దూడమాంసం ‘మొస్హారి’. ‘బిఫ్తేకి’ అని కైమా బిళ్ళలుంటాయి, అవి ఎక్కువగా గొడ్డుమాంసానివి. అడగకుండా తినకండి. గ్రీసులో యీరోస్ అంటే మామూలుగా పందే, కొన్నిచోట్ల కోడి. అమెరికాలో పిల్లలున్నవాళ్ళు మాత్రం ఈ సంగతి వేరుగా గుర్తుంచుకోవాలి. అక్కడ ఆ పేరుతో అమ్మేది చాలావరకు గొడ్డుమాంసం, గొర్రెమాంసం కలిపి నూరి దిమ్మలుగా చేసినది. పేరొకటే గదా అని ధీమాగా ఉండకూడదు.

పుల్లకి గుచ్చిన ముక్కల్ని ‘సువ్లాకి’ అంటారు, చిన్న చువ్వ అని అర్థం. ఏథెన్సులో మాత్రం ఆ మాటకి రొట్టెలో చుట్టిన పొట్లమని అర్థం. ఒట్టి పుల్ల కావాలంటే ‘కలమాకి’ అనాలి, అంటే చిన్న రెల్లుపుల్ల. మనం రాసుకునే కలం అరబ్బీ నుంచి వచ్చిన మాట, దానికి కూడా ఆ గ్రీకు రెల్లుపుల్లే మూలమని చెబుతారు. ఈ పుల్లల వంట అక్కడ నిన్న మొన్నటిది కాదు. సాంటొరీని దీవిలోనే అక్రోటీరి అనేచోట అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన ఊరొకటి తవ్వారు. మూడున్నర వేల ఏళ్ళకి పైబడిన ఆ ఊళ్ళో, పుల్లలు ఆనించడానికి గాడులు పెట్టిన పొయ్యి దిమ్మలు దొరికాయి. బొగ్గులకి గాలి ఆడడానికి కింద వరసగా బెజ్జాలు కూడా ఉన్నాయట. మన కుంపటికి బెజ్జాలు పెట్టినవాడి బుద్ధే వాడిదీను.

ఒక ఆదివారం అమ్మాయి మమ్మల్ని ఏథెన్సులో నాణేల మ్యూజియానికి తీసుకెళ్ళింది. నేను విసుక్కుంటూ వెళ్ళాను గాని, అక్కడ ఇనప చువ్వల కట్ట ఒకటి చూసి ఆగిపోయాను. నాణేలు రాకముందు అక్కడ ఇనప చువ్వలే డబ్బుగా చెల్లేవట. చువ్వని ‘ఒబెలోస్’ అనేవారు, తరవాత చిన్న నాణేనికి ‘ఒబొలోస్’ అని అదే పేరు వచ్చింది. ఆరు చువ్వలు ఒక గుప్పెడు, గుప్పెడుకి ‘ద్రఖ్మీ’ అని పేరు. 2002లో యూరో నోట్లు వచ్చేదాకా ఆ దేశపు డబ్బు పేరు అదే. మాంసం గుచ్చే పుల్లే డబ్బయిన దేశంలో పుల్లల కొట్టు చవగ్గా ఉండకపోతే ఎలాగ అన్నారు మావారు. ఆ రోజే మేం మళ్ళీ మామూలుగా నవ్వుకున్నాం.

చవక అన్నాను గాని, గృహిణులు గమనించవలసినవి ఒకటి రెండున్నాయి. బల్ల దగ్గర కూర్చుంటే రొట్టెకి విడిగా కొంత వేస్తారు. అడక్కుండానే పెట్టారు గదా అని ఉచితమనుకోకూడదు. మేకా, గొర్రే చాపలు కిలోల లెక్కన ఉంటాయి. ధర చూసి భయపడక్కర్లేదు, అరకిలో అని చెప్పొచ్చు. రసీదు ఇవ్వకపోతే డబ్బివ్వనక్కర్లేదని మెనూ అట్టమీదే అచ్చువేసి ఉంటుంది. మన దగ్గర కూడా అలా అచ్చువేస్తే ఎంత బాగుండును! ఇక యీరోస్ తినేవాళ్ళు కొట్టు ఎంచుకునేటప్పుడు ఆ తిరిగే మాంసం ముందు ఒక నిమిషం నిలబడి చూడాలి. జనం ఉన్న కొట్లో పైపొర ఎర్రగా వేగగానే కోస్తారు, కోసినది కోసినట్టే అయిపోతుంది. బేరం లేని కొట్లో అదే దిమ్మ గంటలతరబడి వెచ్చవెచ్చగా ఉండిపోతుంది, హడావిడిలో పచ్చిపొర కూడా కోసేస్తారు. మన బళ్ళ దగ్గర షవర్మా కొనేటప్పుడు కూడా నేనిప్పుడు ఇదే చూస్తున్నాను. అమ్మేవాడికి నామీద కోపంగానే ఉంటుంది.

బయల్దేరే ముందురోజు పెద్దావిడకి మాగాయ సీసా ఒకటి ఇచ్చాను. వేలితో నాకి చూసి, కళ్ళు మూసుకుని, తల పైకెత్తి ‘త్సు’ అంది. అది అక్కడ ‘కాదు’ అనడానికి గుర్తని అప్పటికి నేర్చుకున్నాను గనక మనసు చివుక్కుమంది. కారం ఎక్కువైందని అర్థమట. సీసా మాత్రం తిరిగివ్వలేదు.

జజీకి ఇంట్లో చెయ్యడం చాలా తేలిక. గట్టి పెరుగుని పలచటి గుడ్డలో మూటకట్టి మూడు నాలుగు గంటలు వేలాడదీయాలి. కీరాకాయ తురిమి, ఉప్పు రాసి పావుగంట ఉంచి, నీళ్ళన్నీ గట్టిగా పిండెయ్యాలి. ఈ పిండడంలోనే ఉంది కిటుకంతా, బద్ధకిస్తే అది మజ్జిగపులుసు అవుతుంది. రెండు వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో నూరి కలిపి, చెంచాడు వెనిగరు, రెండు చెంచాల ఆలివ్ నూనె. తాలింపు పెట్టకూడదు. నాకు చెయ్యి ఊరుకోక ఒకసారి ఆవాలు వేశాను, మావారు పళ్ళెం పక్కకి జరిపేశారు. వెదురుపుల్లలు అరగంట నీళ్ళల్లో నానబెట్టి, పనీరు ముక్కలో, కోడి ముక్కలో నిమ్మరసం, నూనె, ఒరెగానో పట్టించి గుచ్చి కుంపటిమీద కాల్చుకోవచ్చు. నానబెట్టకపోతే ముక్కకంటే ముందు పుల్ల కాలిపోతుంది.

మావారు పని ముగించుకుని ఇల్లు చేరారు. పంది మాంసం మా ఇంట్లోకి రాలేదు, ఆయనా అడగలేదు. ఊరికి వెళ్ళినప్పుడు ఎక్కడైనా తింటున్నారేమో నేనూ అడగను. మొన్న ఆదివారం డాబామీద కుంపటి వెలిగించి పనీరు కాలుస్తూంటే, జజీకి రుచిచూసి, “వెల్లుల్లి కాస్త తక్కువైనట్టు లేదూ?” అన్నారు.

“నే” అన్నాను.